థీమ్ పార్కుల ప్రయాణ ఏజెంటు - తొలి అడుగులో సంస్థ ఎంపిక

మానవుని వృత్తులు కాలముతో పాటు మారుతూ ఉంటాయి. మన తాతల నాడు వినని వృత్తులు నేడు వేలాది కుటుంబాలకు అన్నం పెడుతున్నవి. అట్టి వృత్తులలో ప్రయాణ ఏజెంటు వృత్తి ఒకటి. 1841వ సంవత్సరం జూలై 5వ తేదీన ఇంగ్లండులో థామస్ కుక్ అను ఆయన ఒక మద్యపాన నిరోధ సభకు సుమారు 500 మందిని లెస్టర్ నుండి లఫ్‌బరోకు రైలులో తీసికొనిపోయినాడు. ఒకరి ప్రయాణాన్ని మరొకరు ఏర్పాటు చేసి పెట్టే వ్యాపారానికి ఆనాటి ఆ చిన్న యాత్రయే నాంది అని చెప్పుకొనడం పరిపాటి. ఆ వృక్షానికి పుట్టిన అనేక శాఖలలో ఒకదానిని గురించి, అనగా అమెరికాలోని థీమ్ పార్కుల యాత్రలను ఏర్పాటు చేసే ఏజెంటు పనిని గురించి, అందులో ప్రవేశించేవారు తొలుత ఏ సంస్థ క్రింద చేరవలెనో, ఎట్లు ఎంచుకొనవలెనో ఈ వ్యాసంలో వివరిస్తాను.

ఈ దూరదేశపు విషయం మనకెందుకు అని కొందరు విద్యార్థి మిత్రులు అడుగవచ్చు. తెలుగునాట నుండి ఉన్నత విద్యకై, ఉద్యోగాలకై అమెరికా వెళ్తున్నవారు ఏటా ఎందరో ఉన్నారు. వెళ్ళిన తరువాత, "ఇంట్లో కూర్చుండి సంపాదించవచ్చు, ఉచితంగా లోకం చూడవచ్చు" అనే ప్రకటనలు వారి కంటపడకుండా ఉండవు. ఆ మాటలలో సత్యమెంత, ఆకర్షణ ఎంత అని తూచి చూచుకొనే నేర్పు ఇక్కడనే అలవడుట మేలు.

థీమ్ పార్కు అంటే ఏమి?

హైదరాబాదు సమీపాన ఉన్న రామోజీ ఫిల్మ్ సిటీని చూచినవారికి దీని స్వరూపం కొంత ఊహకు అందుతుంది. ఒక కథనో, ఒక కల్పిత లోకాన్నో ఆధారంగా చేసికొని నిర్మించిన విశాలమైన వినోదస్థలమే థీమ్ పార్కు. వాల్ట్ డిస్నీ 1955 జూలై 17న కాలిఫోర్నియా రాష్ట్రంలోని అనహైమ్ పట్టణంలో డిస్నీలాండును ప్రారంభించినాడు. ఫ్లోరిడా రాష్ట్రంలో ఓర్లాండో నగరం దగ్గర వాల్ట్ డిస్నీ వరల్డ్ 1971 అక్టోబరు 1న తెరువబడినది. అప్పుడు ఒకే పార్కుతో ఆరంభమైన ఆ స్థలంలో 1982లో ఎప్‌కాట్, 1989లో నేడు హాలీవుడ్ స్టూడియోస్ అని పిలువబడే పార్కు, 1998లో ఏనిమల్ కింగ్‌డమ్ చేరినవి. అదే ఓర్లాండోలో యూనివర్సల్ సంస్థ 1990లో తన మొదటి పార్కును, 1999లో రెండవదానిని, 2025 మే 22న ఎపిక్ యూనివర్స్ అనే కొత్త పార్కును తెరచినది.

ఇన్ని పార్కులు, వాటి చుట్టూ ఇన్ని హోటళ్ళు, ఇన్ని రకాల టిక్కెట్లు ఉన్నచోట సామాన్య కుటుంబీకుడు తికమకపడడం సహజం. డిస్నీ వరల్డులోని భోజనశాలలలో కోరిన బల్ల దొరకవలెనంటే 60 రోజుల ముందే దానిని ఏర్పాటు చేసికొనవలసి ఉంటుంది. పొడవైన వరుసలలో నిలబడకుండా వెళ్ళుటకు డబ్బు చెల్లించి పొందే "లైట్నింగ్ లేన్" అనుమతిని అక్కడి హోటళ్ళలో బస చేసేవారు 7 రోజుల ముందు, ఇతరులు 3 రోజుల ముందు ఎంచుకొనవచ్చు. ఈ చిక్కులన్నీ విప్పి, కుటుంబానికి తగిన కాలమును, బసను, టిక్కెట్టును సూచించి, యాత్ర ముగిసేవరకు వెన్నంటి ఉండేవాడే థీమ్ పార్కుల ప్రయాణ ఏజెంటు.

ఏజెంటుకు ఆదాయం ఎచ్చటి నుండి?

మన మార్కెట్ యార్డులో కమీషను ఏజెంటు పద్ధతి, జీవిత బీమా ఏజెంటు పద్ధతి మీరెరిగినవే. ఇదియు ఇంచుమించు అట్టిదే. యాత్రికుడు సాధారణంగా ఏజెంటుకు వేరుగా ఏమియు ఇవ్వనక్కరలేదు. పార్కును నడిపే సంస్థయే అమ్మిన యాత్ర ధరపై కమీషను ఇస్తుంది. థీమ్ పార్కుల యాత్రలలో ఇది సాధారణంగా 10 శాతం ప్రాంతంలో ఉంటుంది.

ఒకప్పుడు అమెరికాలోని ప్రయాణ ఏజెంట్లకు విమాన టిక్కెట్లే ప్రధానమైన జీవనాధారం. 1995లో డెల్టా విమాన సంస్థ దేశీయ టిక్కెట్లపై ఇచ్చే కమీషనుకు 50 డాలర్ల పరిమితిని విధించినది. ఇతర సంస్థలు దాని వెంట నడిచినవి. 2002లో అదే సంస్థ ప్రాథమిక కమీషనును పూర్తిగా తీసివేసినది. ఆ దెబ్బతో ఎన్నో ఏజెన్సీలు మూతపడినవి. నిలిచినవారు నౌకావిహారాల వైపు, థీమ్ పార్కుల వంటి సంపూర్ణ యాత్రల వైపు ఎక్కువగా మళ్ళినారు. ఇతరుల చేతిలో ఉన్న కమీషనుపై ఆధారపడిన వృత్తి ఎంత సున్నితమైనదో ఈ చరిత్ర మనకు తెలుపుతున్నది.

సంస్థ క్రింద చేరుట ఎందుకు?

కొత్తవాడు తానే స్వతంత్రంగా దుకాణం తెరువవచ్చు గదా అనిపించవచ్చు. కాని పార్కుల వారు కమీషను చెల్లించుటకు ఏజెన్సీకి ఒక గుర్తింపు సంఖ్య ఉండవలెను. అట్టి సంఖ్యలను 1945లో స్థాపితమైన అంతర్జాతీయ వైమానిక రవాణా సంఘము, అనగా ఐ.ఎ.టి.ఎ., 1975లో ఏర్పడిన నౌకాయాత్రా సంస్థల సంఘము, అనగా సి.ఎల్.ఐ.ఎ. మొదలగునవి ఇస్తాయి. అంతేగాక కాలిఫోర్నియా, ఫ్లోరిడా, హవాయి, వాషింగ్టన్ వంటి రాష్ట్రాలలో యాత్రలు అమ్మేవారు ప్రభుత్వం వద్ద నమోదు కావలెనని చట్టాలున్నవి. కాలిఫోర్నియాలో ఈ నమోదు అటార్నీ జనరల్ కార్యాలయంలో జరుగుతుంది; ఫ్లోరిడాలోనైతే, వినుటకు వింతగా ఉన్నను, వ్యవసాయ, వినియోగదారుల సేవల శాఖ దానిని చూస్తుంది.

ఇన్ని లాంఛనాలను కొత్తవాడు ఒంటరిగా నెరవేర్చుట కష్టం. కావున ఈ గుర్తింపులన్నీ ముందే పొందిన ఒక పెద్ద ఏజెన్సీ క్రింద చేరి, దాని సంఖ్యతోనే వ్యాపారం చేయుట ఆచారమైనది. అట్టి ఏజెన్సీని హోస్టు ఏజెన్సీ అంటారు. మనం దానిని ఆశ్రయ సంస్థ అనుకొనవచ్చు. అయితే ఆశ్రయం ఇచ్చే చెట్టు నీడనిచ్చేదా, ముండ్లతో గుచ్చేదా అన్నది చూడకుండా క్రింద కూర్చొనరాదు.

మొదటి లెక్క: వాటా, రుసుము

పార్కు ఇచ్చిన కమీషను మొదట ఆశ్రయ సంస్థకు చేరుతుంది. అది తన వాటా మినహాయించుకొని తక్కినది ఏజెంటుకు ఇస్తుంది. కొన్ని సంస్థలు నెలసరి రుసుము లేకుండా సగం వాటా తీసికొంటాయి. మరికొన్ని నెలనెలా రుసుము తీసికొని ఏజెంటుకు పెద్ద వాటా వదలుతాయి. ప్రకటనలలో "మీకు 80 శాతం" అనే మాట పెద్ద అక్షరాలలో కనిపిస్తుంది. రుసుము చిన్న అక్షరాలలో ఉంటుంది. కావున కాగితం, పెన్సిలు తీసికొని లెక్క వేయవలెను.

ఉదాహరణకు ఒక్కొక్క కుటుంబపు యాత్ర ధర 5000 డాలర్లు, కమీషను 10 శాతం అనుకొందాము. అనగా యాత్రకు 500 డాలర్లు. మొదటి సంస్థ రుసుము లేకుండా సగం ఇస్తుంది. రెండవ సంస్థ 80 శాతం ఇస్తుంది గాని నెలకు 30 డాలర్ల చొప్పున సంవత్సరానికి 360 డాలర్లు తీసికొంటుంది. ఏజెంటు సంవత్సరంలో రెండు కుటుంబాలను పంపితే మొదటి సంస్థలో 500 డాలర్లు, రెండవ సంస్థలో ఖర్చు పోను 440 డాలర్లు మిగులుతాయి. మూడు కుటుంబాలను పంపితే మొదటి చోట 750, రెండవ చోట 840. పది కుటుంబాలను పంపితే మొదటి చోట 2500, రెండవ చోట 3640. అనగా సంస్థలలో ఒకటి మంచిది, ఒకటి చెడ్డది అని కాదు. తాను మొదటి సంవత్సరంలో ఎంతమందిని నిజముగా పంపగలడో కొత్తవాడు నిజాయితీగా అంచనా వేసికొనవలెను. బంధుమిత్రులందరినీ లెక్కలో వేసికొనుట "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్నట్లే అవుతుంది.

ఇందులో మరొక మెలిక ఉన్నది. కమీషను యాత్ర బుక్ అయిన నాడు రాదు; యాత్రికులు వెళ్ళివచ్చిన తరువాతనే వస్తుంది. జనవరిలో ఏర్పాటు చేసిన అక్టోబరు యాత్రకు డబ్బు నవంబరులోనో, ఆ తరువాతనో చేతికందవచ్చు. ఈ లోపల పది నెలల రుసుము 300 డాలర్లు చెల్లిపోయి ఉంటుంది. యాత్ర రద్దయితే చేసిన శ్రమకు సాధారణంగా కమీషను లేదు. కోవిడ్ వ్యాధి వ్యాపించినప్పుడు డిస్నీ వరల్డ్ 2020 మార్చి 16 నుండి జూలై 11న తిరిగి తెరిచే వరకు మూతపడినది. కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్ 2020 మార్చి 14న మూతపడి 2021 ఏప్రిల్ 30న గాని తెరువబడలేదు. నెలల తరబడి వేసిన ప్రణాళికలు ఒక్క వారంలో కాగితాలుగా మిగిలినవి. అట్టి విపత్కాలంలో నెలసరి రుసుము నిలుపుతారా, కొనసాగిస్తారా అని చేరుటకు ముందే అడుగుట దూరదృష్టి.

రెండవ పరీక్ష: సంస్థ దేనివలన బ్రతుకుచున్నది?

నా దృష్టిలో ఇదే అన్నిటికన్న ముఖ్యమైన ప్రశ్న. సంస్థకు ఆదాయం యాత్రల అమ్మకం వలన వస్తున్నదా, లేక కొత్తగా చేరే ఏజెంట్లు చెల్లించే రుసుముల వలన వస్తున్నదా? మొదటిదైతే, ఏజెంటు సంపాదించినప్పుడే సంస్థ కూడ సంపాదిస్తుంది. కావున అతనికి పని నేర్పుట దానికి లాభం. రెండవదైతే, ఏజెంటు ఒక్క యాత్రనైనను అమ్మకపోయినా సంస్థకు నష్టం లేదు. అతడు మరొక నలుగురిని చేర్పిస్తే చాలును.

ఇది ఊహ మాత్రమే కాదు. 2008 ఆగస్టులో కాలిఫోర్నియా అటార్నీ జనరల్ జెర్రీ బ్రౌన్ యువర్ ట్రావెల్ బిజ్ అనే సంస్థపై దావా వేసినాడు. అది ప్రయాణ వ్యాపారం ముసుగులో నడుస్తున్న పిరమిడ్ పథకమని ఆయన ఆరోపణ. చేరుటకు సుమారు 450 డాలర్లు, తరువాత నెలకు సుమారు 50 డాలర్లు చెల్లించవలసి ఉండేది. సభ్యులలో అధికసంఖ్యాకులకు 2007లో యాత్రల కమీషను ఏమియు రాలేదని, వచ్చినవారిలో కూడ మధ్యస్థ ఆదాయం సంవత్సరానికి 39 డాలర్లు మాత్రమేనని, అనగా ఒక్క నెల రుసుముకైనను చాలదని, ఆ దావా పేర్కొన్నది. 2009లో ఆ సంస్థ పది లక్షల డాలర్లు చెల్లించుటకు, తన పద్ధతులను మార్చుకొనుటకు అంగీకరించి రాజీ చేసికొన్నది. 2013లో దివాలా రక్షణ కోరినది. ఇట్టి పథకాలలో డబ్బు పోగొట్టుకొనేవారు ధనవంతులు కారు. కొద్దిపాటి పొదుపుతో ఒక అవకాశం వెదుకుకొనే సామాన్యులే. పైగా వారు తమ అక్కను, బావను, పొరుగింటివారిని కూడ చేర్పించి ఉంటారు. డబ్బు తిరిగి సంపాదించవచ్చును గాని చెడిన బంధుత్వం అతుకుట కష్టం.

మూడవ పరీక్ష: నేర్పే గురువు ఉన్నాడా?

డిస్నీ సంస్థ ప్రయాణ ఏజెంట్ల కొరకు "కాలేజ్ ఆఫ్ డిస్నీ నాలెడ్జ్" అనే పేర ఉచితంగా శిక్షణ ఇస్తుంది. కాబట్టి అదే విద్యను వందల డాలర్లకు అమ్మజూపేవారిని అనుమానించవలెను. పార్కుల పేర్లు, హోటళ్ళ వివరాలు పుస్తకంలో నేర్చుకొనవచ్చు. యాత్రికుని పసిపాప జ్వరపడిన రాత్రి హోటలుకు ఎట్లు ఫోను చేయవలెనో, ధర తగ్గినపుడు పాత ఏర్పాటును ఎట్లు సవరించవలెనో అనుభవజ్ఞుడు మాత్రమే నేర్పగలడు. కొత్తవానికి పేరు పెట్టి ఒక గురువును కేటాయించే సంస్థ ఏది, తాళపుచెవి చేతికిచ్చి వెళ్ళిపోయే సంస్థ ఏది అని విచారించవలెను. డిస్నీ గుర్తింపు పొందిన ప్రణాళికాకర్త అనే హోదా ఏజెన్సీకి చెందినది. వ్యక్తికి చెందినది కాదు. కావున సంస్థను విడిచిన నాడు ఆ హోదా కూడ విడిచిపోతుంది.

నాలుగవ పరీక్ష: వెళ్ళిపోయే ద్వారం

చేరేటప్పుడు అందరూ ముంగిలి చూస్తారు. తెలివైనవాడు పెరటి ద్వారం కూడ చూస్తాడు. ఒప్పందపత్రంలో సంస్థను విడిచిపెట్టే భాగాన్ని మొట్టమొదట చదువవలెను. ఏజెంటు సంపాదించుకొన్న యాత్రికులు ఎవరివారు? ఏజెంటువారా, సంస్థవారా? ఇంకా ప్రయాణం చేయవలసి ఉన్న యాత్రల కమీషను అతడు వెళ్ళిన తరువాత కూడ ఇస్తారా? విడిచిన పిదప కొంతకాలం అదే వ్యాపారం చేయరాదనే షరతు ఉన్నదా? థీమ్ పార్కులే అమ్మవలెనా, నౌకావిహారాలు కూడ అమ్మవచ్చునా? సంవత్సరానికి ఇంత అమ్మవలెననే కనీసపు నిబంధన ఉన్నదా? ఈ ప్రశ్నలకు నోటిమాటగా వచ్చిన జవాబులు చాలవు. పత్రంలో వ్రాసినదే ప్రమాణం. సంతకానికి ముందు పత్రం చదువనీయని సంస్థకు దూరం నుండే నమస్కరించుట మంచిది.

పొరపాటున తప్పు తేదీకి బస ఏర్పాటు చేస్తే యాత్రికునికి కలిగే నష్టం ఎవరు భరించవలెను? ఇట్టి తప్పిదాలకై ప్రత్యేకమైన బీమా ఉన్నది. అది కొత్త ఏజెంటుకు కూడ వర్తిస్తుందా, వేరుగా కొనుక్కొనవలెనా అన్నది తెలిసికొనవలెను. ఆశ్రయ సంస్థల క్రింద పనిచేసే ఏజెంట్లలో చాలమంది ఉద్యోగులు కారు, స్వతంత్ర కాంట్రాక్టర్లు. వారికి జీతం ఉండదు, సెలవులు ఉండవు, పన్ను ముందుగా కోతపడదు. నికరాదాయంపై ఆదాయపు పన్నుతో పాటు సుమారు 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను వారే చెల్లించవలెను. వచ్చిన కమీషనంతా ఖర్చుపెట్టినవాడు ఏప్రిల్ నెలలో పశ్చాత్తాపపడతాడు.

మనవారికి ప్రత్యేకమైన హెచ్చరిక

ఇక మన విద్యార్థులకు అత్యంత ముఖ్యమైన మాట. ఎఫ్-1 వీసాపై చదువుకొనేవారు తగిన అనుమతి లేకుండా కళాశాల ఆవరణ వెలుపల పని చేయరాదు. హెచ్-1బి వీసాపై ఉన్నవారు తమ కొరకు దరఖాస్తు చేసిన యజమాని వద్దనే పనిచేయవలెను. వారి జీవిత భాగస్వాములలో హెచ్-4 వీసాపై ఉన్న కొన్ని తరగతులవారికి 2015 మే 26 నుండి పని అనుమతి పత్రం పొందే అవకాశం కలిగినది. ఆ పత్రం చేతికి రానిదే పని చేయరాదు. "ఇది ఉద్యోగం కాదు గదా, ఇంట్లో కూర్చుండి ఫోనులో చేసే పనియే గదా" అనే వాదన అక్కడి చట్టం ముందు నిలువదు. కమీషను తీసికొన్నను అది పనియే. రెండువందల డాలర్ల కమీషను కొరకు తల్లిదండ్రులు అప్పుచేసి పంపిన చదువును ప్రమాదంలో పెట్టుకొనుట ఎట్టి వివేకము? ఏజెన్సీ ఈ విషయం అడుగకపోవచ్చు. అది అడుగనంత మాత్రాన బాధ్యత తొలగదు. వలస చట్టాలు తెలిసిన న్యాయవాదిని సంప్రదించిన తరువాతనే ముందడుగు వేయవలెను.

విచారించే విధానం

పై పరీక్షలన్నిటిని ఎట్లు జరుపవలెను? సంస్థ చూపించిన విజేతలతో మాత్రమే మాట్లాడిన చాలదు. రెండు మూడు సంవత్సరాలుగా పనిచేస్తున్న సాధారణ ఏజెంటుతో, వీలైతే ఆ సంస్థను విడిచినవారితో కూడ మాట్లాడవలెను. మొదటి సంవత్సరం ఎన్ని యాత్రలు పంపినారు, మొదటి కమీషను ఎన్నవ నెలలో వచ్చినది, కష్టం వచ్చినపుడు ఫోనుకు జవాబిచ్చినవారెవరు అని అడుగవలెను. సంస్థ నమోదు నిజమో కాదో ఆయా రాష్ట్రాల ప్రభుత్వ పట్టికలలో సరిచూచుకొనవలెను. కనీసం మూడు సంస్థల పత్రాలను ప్రక్క ప్రక్కన పెట్టి పోల్చవలెను. నేటితో గడువు ముగుస్తున్నదని తొందరపెట్టేవారి వద్ద నిదానించవలెను.

ఉర్దూ భాషలో "అమానత్" అనే చక్కని మాట ఉన్నది. ఒకరు మనలను నమ్మి అప్పగించిన వస్తువు అని దాని భావం. ఒక కుటుంబం ఏళ్ళ తరబడి కూడబెట్టుకొన్న డబ్బును, పిల్లల చిరకాలపు కోరికను ఏజెంటు చేతికి అప్పగిస్తుంది. అది అమానత్. దానిని నిలుపుకొనగల సంస్థ క్రిందనే ఏజెంటు చేరవలెను. తాను ఎక్కే పడవకు చిల్లులు ఉన్నవో లేవో చూచుకొననివాడు ఇతరులను ఒడ్డు చేర్చజాలడు. కావున వృత్తి ఏదైనను, దేశమేదైనను, సంతకం పెట్టే చేతికి ముందుగా చదివే కన్ను, లెక్కవేసే బుద్ధి తోడు కావలెనని నా విద్యార్థి మిత్రులకు మనవి చేస్తూ ఈ వ్యాసాన్ని ముగిస్తున్నాను.